పొరుగింటి తోడు
(దాసోహ భావమును గూర్చిన పాఠము)



తెలుగువారి యిండ్లలో ‘తోడు’ అను చిన్నమాట యొకటి కలదు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలలో వేయు పెరుగుచుక్కను తోడు అందుము. ఇంట పెరుగు అడుగంటిన నాడు ఇల్లాలు చిన్నగిన్నె చేతబట్టుకొని ప్రక్కయింటి గడపకడ నిలిచి, “వదినా, కాస్త తోడుంటే పెట్టవా?” అని యడుగును. ఆ గిన్నెలో పడిన చెంచాడు పెరుగు తెల్లవారునప్పటికి కుండెడు పాలను పెరుగుగా మార్చును.

ఆ మాటయే మనకు మఱియొక యర్థమున గూడ వాడుకలో నున్నది. చీకటిదారిన నడచువానికి ప్రక్కన నడచువాడు తోడు. ఆసుపత్రి మంచముకడ రాత్రి మేలుకొని కూర్చున్నవారు తోడు. పాలకును మనిషికిని కావలసినదానిని ఒకే మాటతో పిలుచుకొనుట మన భాషకు అబ్బిన భాగ్యము. రెండుచోట్లను తోడు పరిమాణమున చిన్నది, ఫలితమున పెద్దది. లేనినాడు గాని దాని విలువ తెలియదు.

ఇరుగుపొరుగువారు నిత్యకృత్యములలో ఒకరికొకరు చేసికొను ఈ చిన్నచిన్న సాయములకు బసవధర్మమున ఏ స్థానమున్నది? వీనిని దానమనవలెనా? మర్యాద యనవలెనా? లేక అంతకు మించినదేదైన వీనిలో నున్నదా? ఈ విషయమును ఈ పాఠమున విచారింతము.

దానము వేరు, దాసోహము వేరు

12వ శతాబ్దమున కల్యాణ నగరమున, అనగా నేటి కర్ణాటకలోని బీదరు జిల్లా బసవకల్యాణమున, బసవేశ్వరుడును తక్కిన శరణులును రెండు సూత్రములపై తమ సమాజమును నిలిపిరి. ఒకటి కాయకము, రెండవది దాసోహము. సత్యశుద్ధమైన మనస్సుతో స్వహస్తములతో చేయు పని కాయకము. దాని ఫలమున తనకు వలసినంత యుంచుకొని తక్కినదానిని వినయముతో జంగమమునకును సమాజమునకును అర్పించుట దాసోహము.

దానమున ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. ఇచ్చినవానికి పేరు, పుచ్చుకొన్నవానికి ఋణభారము మిగులును. దాసోహమన్న మాటలోనే ‘నేను దాసుడను’ అను భావ మిమిడియున్నది. అచ్చట ఇచ్చువాడే తలవంచి నిలుచును. పుచ్చుకొనువాడు తనకు సేవచేయు నవకాశమిచ్చినందులకు కృతజ్ఞుడగును. ఇది మాటల మార్పు కాదు, నిలుచు చోటి మార్పు.

మన పెద్దలు దాసోహమును తను, మన, ధనములు మూడింటితోను చేయవలెనని చెప్పిరి. ధనముతో చేయుట కొందఱికే సాధ్యము. తనువుతోను మనస్సుతోను చేయుట అందఱికిని సాధ్యము. పొరుగింటి ముసలమ్మకు రెండు బిందెల నీరు తెచ్చిపెట్టుట తనువుతో చేయు దాసోహము. ఆమె చెప్పినదే చెప్పుచున్నను విసుగుకొనక వినుట మనస్సుతో చేయు దాసోహము. మఠములలో పంక్తులు తీర్చి వేలమందికి అన్నము పెట్టుట ఎంత పవిత్రమో, ఈ రెండును అంత పవిత్రములే. పొరుగువాని పనిలో చేయి వేయుటకు కానుకల పళ్ళెము అక్కఱలేదు, సభ అక్కఱలేదు. అందుచేతనే మనము తఱచుగా దానిని ధర్మమని గుర్తింపకున్నాము.

కొలత తెలిసిన యిల్లాలు

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర మనలో తెలియనివారుండరు. ఒలికిపోయిన బియ్యపుగింజలను ఏఱి తెచ్చి, దానితో దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడాయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. “మనకు కావలసినది ఇంతయే, ఎక్కువది ఆశ యగును, ఎచ్చట తెచ్చితివో అచ్చటనే పోసిరమ్ము” అను భావముతో భర్తను వెనుకకు పంపెను.

ఈ కథను మనము సాధారణముగా నిరాశకు దృష్టాంతముగా చెప్పుకొందుము. ఇరుగుపొరుగు ధర్మమునకు గూడ ఇది మూలసూత్రమే. తనకు చాలినదెంతయో తెలియనివాడు తన చేతిలో మిగిలినదానిని గుర్తింపలేడు. ధాన్యమునకు వలెనే కాలమునకు గూడ కొలత కలదు. మన దినములో కొంత కాలము మనకు మించినది. ఆ మిగులు ఎవరిదో తెలిసికొనుటయే లక్కమ్మ నేర్పిన పాఠము.

కొలువులో చాచిన చేతులు

బసవన్న మహిమలలో ఒక గొల్లెత కథ చెప్పుకొందురు. ఆమె కుండ నెత్తిన పెట్టుకొని పోవుచు కాలుజారి “బసవా!” అని కేక వేసినదట. ఆ సమయమున బిజ్జలుని కొలువులో నున్న బసవన్న ఉన్నచోటనే చేతులు చాచి ఆ కుండను పడకుండ నిలిపెనట. మహిమను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కథలోని విలువను మాత్రము ఇరువురును కాదనలేరు. రాజ్యభారము వహించు మంత్రికి వీథిలో చల్ల అమ్ముకొను స్త్రీ కుండ చిన్న విషయము కాలేదు. ఆమెకు ఆ కుండయే ఆనాటి బ్రతుకు. మన పనుల పెద్దఱికమును చూచికొని ఎదుటివాని కుండను చిన్నది చేయరాదని ఈ కథ హెచ్చరించుచున్నది.

అవ్వ వంతు

తమిళదేశపు శైవులు చెప్పుకొను మధురానగరపు కథ మఱియొకటి కలదు. తిరువిళైయాడల్ పురాణమున నున్న సుందరేశ్వరుని లీలలలో ఇదియొకటి. వైగై నదికి వఱద వచ్చి గట్టు తెగెను. పాండ్యరాజు ఊరిలోని యింటింటికి కొంత గట్టు వంతుగా పంచి, ఎవరి వంతు వారు పూడ్చవలెనని యాజ్ఞాపించెను. పిట్టు వండి యమ్ముకొని బ్రతుకు వంది యను ముసలమ్మకు గూడ ఒక వంతు వచ్చెను. ఆమెకు బిడ్డలు లేరు, మట్టి మోయు సత్తువ లేదు. అప్పుడు శివుడు కూలివాని రూపమున వచ్చి, చిదిరిపోయిన పిట్టు తనకు కూలిగా నిచ్చినచో చాలునని తట్ట నెత్తి కెత్తుకొనెను. కూలివాడు పని సాగనీయక ఆడుచు పాడుచు నున్నాడని రాజు బెత్తముతో కొట్టగా, ఆ దెబ్బ రాజుతో సహా సర్వజీవుల వీపుల మీదను తగిలెనట.

ఈ కథ విన్నప్పుడు మనము శివుని కరుణకు చేతులు జోడింతుము. కాని ఒక ప్రశ్న వేసికొనుట లేదు. ఆ వీథిలో ఎందఱో యుండిరి గదా! అందఱును తమ తమ వంతులు ముగించుకొనిరి. అవ్వ వంతు మిగిలిపోయెను. ఒక్కొక్కరు నాలుగు తట్టల మట్టి అధికముగా వేసినచో శివుడు దిగి రావలసిన పని యుండెడిది కాదు. తన వంతు తాను చేసికొనుట నీతియే. అంతటితో ఆగిపోయినచో గట్టులో ఒక గండి మిగులును. ఆ గండిగుండ వచ్చు వఱద అవ్వ గుడిసెతో ఆగదు, ఊరినంతను ముంచును. ఆ యొక్క దెబ్బ అందఱికిని తగులుటలోని యర్థ మిదియే గదా!

ప్రతి వీథిలోను ఒక అవ్వ వంతు మిగిలియుండును. అది ఎవరిదో చూచుటయే ఇరుగుపొరుగు ధర్మము.

పల్లె నేర్చిన పద్ధతులు

మన పల్లెలు ఈ ధర్మమును పేరు పెట్టకయే ఆచరించినవి. వేసవిలో అప్పడములు ఒత్తునప్పుడును, వడియములు పెట్టునప్పుడును నలుగురిండ్ల ఆడవారు ఒకచోట చేరుదురు. నేడు ఈ యింటి పని, రేపు ఆ యింటి పని. నాట్లవేళ ఒకరి మడిలో నొకరు బదులుకు పోవుదురు. చేతిలో పైకము లేని చిన్నరైతు గూడ దీనివలన అదనులో నాటు ముగించుకొనును. పెండ్లియింట పందిరి వేయుటకు పిలుపు అక్కఱలేదు. చావు సంభవించిన యింట పొయ్యి వెలుగదు గాన ప్రక్కయింటివారు అన్నము వండి తెత్తురు. సమాధి త్రవ్వుటకు గునపము, పార తీసికొని వచ్చువారును ఇరుగుపొరుగువారే.

వడ్డి లేక, పత్రము లేక తీసికొను అప్పుకు మనవారు ‘చేబదులు’ అని పేరు పెట్టిరి. చారెడు పంచదారకు గూడ అదే పేరు. తీసికొన్న గిన్నెను వట్టిగా తిరిగి యీయరాదను మర్యాద ఇప్పటికిని చాల యిండ్లలో నున్నది. రక్తసంబంధము లేనివారిని గూడ అత్త, మామ, వదిన, బావ యని ఊరివరుసలతో పిలుచుకొనుట యీ బదులుల నడుమనే పెరిగినది.

ఈ మంచితో పాటు కొన్ని శంకలును పెరిగినవి. దీపములు పెట్టిన తరువాత ఉప్పు, పెరుగు, పైకము ఇంటినుండి వెలుపలికి పోరాదని కొందఱు పట్టుదల చూపుదురు. శుభవేళ, అశుభవేళ యను భేదమును శరణులు అంగీకరింపలేదు. పొరుగింటి పసిబిడ్డకు కావలసిన పెరుగు సంజవేళ యని ఆగునా? అవసరము పడిన వేళయే మంచివేళ.

ఒక వానరోజు

ఈ వ్యాసకర్త బాల్యమున మా యింటి ప్రక్క ఒక కుమ్మరి కుటుంబముండెడిది. ఒకమాఱు మా తల్లి మూడువారములు జ్వరముతో మంచము పట్టినది. ఆ దినములలో ప్రతి వేకువను మా వాకిట కళ్ళాపి చల్లియుండెను, ముగ్గు పెట్టియుండెను. ఎవరు చేయుచున్నారో మాకు తెలియలేదు. లేచి తిరుగు ఓపిక వచ్చిన తరువాత మా తల్లి గమనించి అడుగగా, ప్రక్కయింటి అత్త నవ్వి, “మీ వాకిలి, మా వాకిలి పక్కపక్కనే గదా వదినా, చీపురు ఆగక ఇటు వచ్చింది, అంతే” అన్నది. అంతకు మించి ఆమె ఎన్నడును ఆ మాట యెత్తలేదు.

మఱు సంవత్సరము ఒక యుదయమున అకాలపు వాన మొదలైనది. కుమ్మరివారి పచ్చికుండలు ఆరుబయట వరుసలుగా ఆరుచున్నవి. కాల్చని కుండ వానకు నిలువదు. నెలనాళ్ళ శ్రమ మరల మట్టియగును. మా తండ్రి అప్పుడు ఇష్టలింగపూజలో నున్నాడు. చినుకుల చప్పుడు విని కన్నులు తెఱచి, లింగమును భద్రముగా కట్టి మెడలో వేసికొని వాననిలోనికి పరుగెత్తినాడు. ఆయన వెంట మేమందఱము పరుగెత్తితిమి. మా అరుగు నిండ, నడవ నిండ, తుదకు పడకటింటి నిండ కుండలే. మా తండ్రి తొందరలో రెండు కుండలు పగులగొట్టినాడు. కుమ్మరి మామ తిట్టలేక నవ్వినాడు.

మా నాయనమ్మకు మాత్రము మనసు కుదుటపడలేదు. “పూజ నడుమ లేచిపోతివేమిరా?” అని యడిగినది. మా తండ్రి తడిసిన ఉత్తరీయము పిండుకొనుచు, “లింగము మెడలోనే యున్నది గదమ్మా! ఆయన గూడ నాతో కుండలు మోసినాడు” అనెను. తరువాత స్నానము చేసి, మిగిలిన పూజను నిదానముగా ముగించెను.

పూజను అలక్ష్యము చేయుమని ఈ మాటకు అర్థము కాదు. ఇష్టలింగము గుడిలో నుండు దేవుడు కాదు. భక్తునితో పనికి వచ్చు దేవుడు. నులియ చందయ్య గడ్డి కోయుచుండగా లింగము జారిపడెననియు, అయినను ఆయన కాయకమును ఆపలేదనియు శరణచరిత్ర చెప్పుచున్నది. తన కాయకమునకే అంత విలువ యున్నచో, ఆపదలోనున్న పొరుగువాని కాయకమును నిలుపుటకు ఎంత విలువ యుండవలెనో ఆలోచింపుడు.

సాయము, వెట్టి

ఇచ్చట ఒక చేదునిజమును దాచరాదు. పల్లెలలో ‘సాయము’ అను పేరుతో సాగినదంతయు సాయము కాదు. కొందఱు ఎల్లప్పుడును చేయువారు, కొందఱు ఎల్లప్పుడును చేయించుకొనువారు. తెలంగాణమున దొరల గడీలకు వృత్తులవారు కూలి లేక చేయవలసివచ్చిన పనికి వెట్టియని పేరు. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము దేశమంతటికి 1976లో వచ్చినది. కాదనుటకు వీలులేనిచోట, తిరిగి అడుగుటకు నోరు రానిచోట, జరుగునది దయ కాదు. పొరుగువాడు మన పొలమునకు వచ్చును గాని మన గడప దాటరాదన్నచో, ఆ పొరుగు సగమే. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, హరళయ్య చెప్పులు కుట్టెను. వీరందఱును కల్యాణమున ఒకే పంక్తిని శరణులైరి. ఆ సమాజమున వారసులమని చెప్పుకొను మనము మన వీథిలో ఎవరి యింటికి పనికి పోవుచున్నామో, ఎవరిని పనికి పిలుచుచున్నామో లెక్క చూచుకొనవలెను.

ఇంకొక లెక్కయు నున్నది. ఇరుగుపొరుగు సాయములలో పెద్దభాగము స్త్రీల మీదనే పడుచున్నది. పొరుగింటి కాన్పుకు పథ్యము వండునది ఇల్లాలు. ‘మేము సాయపడితిమి’ అని అరుగు మీద చెప్పుకొనునది యజమాని. దాసోహము ఇల్లంతటిది కావలెనన్నచో మగవారి చేతులును తడియవలెను.

నేటి వీథి

ఇంటింట కొళాయి వచ్చినది, గ్యాసుపొయ్యి వచ్చినది, బట్టలుతుకు యంత్రము వచ్చినది. నీళ్ళబావి వద్ద కలిసికొను పని పోయినది. పెరుగు గూడ పొట్లములలో దొరకుచున్నది. శ్రమ తగ్గుట మంచిదే, దానిని నిందింపరాదు. అయితే శ్రమతో పాటు ఒకరి గడప నొకరు త్రొక్కు నిమిత్తములును తగ్గినవి. పట్టణపు భవనములలో ఎదుటి తలుపువారి పేరు తెలియక ఏండ్లు గడచుచున్నవి. బిడ్డలు దూరదేశములలో నుండగా వృద్ధులు ఒంటరిగా మిగులుచున్నారు.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఈ తోడు విలువ మనకు మరల తెలిసినది. వ్యాధి సోకినవారి గుమ్మమున అన్నపు గిన్నె పెట్టి దూరముగా నిలిచి పిలిచిన పొరుగువారుండిరి. భయముచేత తలుపు తీయనివారును ఉండిరి. ఎవరు ఏ గుంపున నుండిరో వారి మనస్సాక్షికే తెలియును.

కాలము మారినను అవ్వ వంతు మిగిలియే యున్నది. మట్టితట్టకు బదులు నేడది విద్యుత్తు బిల్లు కట్టుట, గ్యాసుబండ నమోదు చేయుట, మందుచీటిలోని అక్షరములు చదివి ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో చెప్పుట, చౌకదుకాణమునకు తోడుపోవుట. ఈ పనులకు పది నిమిషములు చాలును. చేయువానికి అవి చిన్నవి. చేయలేనివానికి అవియే వైగై గట్టు.

ఆచరింపదగిన నియమములు

1. అడుగువరకు వేచియుండరాదు. అభిమానము కలవారు అడుగరు. వాకిట ముగ్గు పడలేదన్నను, ప్రొద్దెక్కినను తలుపు తెఱవలేదన్నను అదియే పిలుపు.

2. సాయము వారి పద్ధతిని జరుగవలెను. పొరుగింటి వంటగదిలోనికి పోయి మన వంటను నేర్పరాదు.

3. లోపల చూచినది వెలుపల చెప్పరాదు. ఖాళీ డబ్బాను చూచిన కన్ను నోటికి ఆ వార్త నీయరాదు. పైకమునకు సంబంధించిన పనులలో రహస్యపు అంకెలను వారినే నొక్కనీయవలెను, మనము తెలిసికొనరాదు.

4. లెక్క పెట్టరాదు. ‘నేను మూడుమాఱులు చేసితిని, వారు ఒకమాఱే చేసిరి’ అను క్షణమున దాసోహము బేరమగును.

5. పుచ్చుకొనుట నేర్చుకొనవలెను. ఇది అన్నిటికంటె కష్టము. ఎల్లప్పుడును ఇచ్చుచు, ఎన్నడును పుచ్చుకొననివాడు తనకు తెలియకయే పైమెట్టున నిలుచును. పొరుగింటికి పోయి తోడు అడుగుటకు సిగ్గుపడనివాడే, రేపు పొరుగువాడు తన గడపకు సిగ్గుపడక వచ్చుటకు దారి వేయును.

ఇంటిల్లిపాది విచారింపవలసిన ప్రశ్నలు

సోమవారపు పూజానంతరము కుటుంబసభ్యులందఱు కూర్చుండి ఈ క్రింది ప్రశ్నలను చర్చింపవలెను.

1. దానమునకును దాసోహమునకును గల భేదమును మీ యింట జరిగిన ఒక సంఘటనతో చెప్పుడు.

2. లక్కమ్మ బియ్యము విషయమున పాటించిన కొలతను మీ దినచర్యలో కాలమునకు ఎట్లు అన్వయింతురు?

3. మీ వీథిలో నేడు మిగిలియున్న అవ్వ వంతు ఎవరిది? దానిలో మీ యింటివారు ఈ వారము మోయగల తట్టలెన్ని?

4. మీరు కడపటిసారి పొరుగింటివారిని సాయమడిగినది ఎప్పుడు? అడుగలేకపోయినచో కారణమేమి?

మూడవ ప్రశ్నకు ఉత్తరము నోటితో చెప్పి విడువక, లేచి పోయి ఆ తలుపు తట్టుడు. చేతిలో ఏమియు లేకున్నను చిన్నగిన్నె యొకటి పట్టుకొని పొండు. తోడు అడుగుటకు వచ్చితిమని చెప్పుడు. తక్కిన మాటలు వానియంతట అవియే వచ్చును.